నూటికి అరవై రెండు మార్కులు కావవి

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో క్యాథలిక్ స్కూల్లో నాలుగో తరగతి. మొన్న అయోవా అసెస్‌మెంట్స్ అనే ప్రామాణిక పరీక్ష రిపోర్టు ఇంటికొచ్చింది. రీడింగ్‌లో నేషనల్ పర్సంటైల్ ర్యాంక్ 62, గ్రేడ్ ఈక్వివలెంట్ 5.5 అని ఉంది. క్లాసులో ఎప్పుడూ తొంభైకి తగ్గని పిల్లకు 62 ఏమిటి? పోయినేడూ ఇదే అంకె. ఏడాదంతా ఏమీ నేర్చుకోలేదా?
- ఒక తల్లి, ఒహాయో

జవాబు: 62 మార్కులు కావు. దేశం మొత్తం నుంచి అదే తరగతి పిల్లల్ని నమూనాగా తీసుకుంటే, వారిలో సుమారు 62 శాతం మంది కంటే మీ అమ్మాయి ముందుందని అర్థం. ఎన్ని జవాబులు సరిపోయాయన్నది రా స్కోరు, దాని గడి వేరు. క్లాసు గ్రేడు టీచరు చెప్పిన పాఠం మీద, హోంవర్క్ మీద వస్తుంది. ఈ పరీక్షలో ఇంకా పాఠం చెప్పని ప్రశ్నలూ ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టకండి.

రెండేళ్లూ 62 అంటే పిల్ల ఆగిపోయిందని కాదు. తోటివాళ్లు ఏడాది ముందుకెళ్లారు, తనూ వాళ్లతో సమానంగా నడిచింది. ఎదుగుదల తెలియాలంటే స్టాండర్డ్ స్కోర్ చూడండి, అది అన్ని తరగతులకూ ఒకే కొలబద్ద మీద వేసే అంకె. సరిగ్గా మధ్యలో నిలిచే పిల్లకు మూడో తరగతి చివర 185, నాలుగు చివర 200, ఎనిమిది చివర 250 ఉంటుంది. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఏటా పెరిగే పాయింట్లు తగ్గుతాయి, కంగారు పడక్కర్లేదు.

ఇక గ్రేడ్ ఈక్వివలెంట్ 5.5. ఐదో తరగతి ఐదో నెలలో ఉన్న పిల్లలు ఇదే నాలుగో తరగతి పరీక్ష రాస్తే మామూలుగా తెచ్చుకునే స్కోరు అది. ఐదో తరగతి పాఠాలు వచ్చేశాయని కాదు. డబుల్ ప్రమోషన్ అడగడానికి పనికిరాదు. ఆ గడి అసలు అచ్చువేయకపోతేనే మేలు.

మధ్య ర్యాంకుల్లో రెండు మూడు ప్రశ్నలు అటూ ఇటూ అయితే పర్సంటైల్ బాగా ఊగుతుంది, చివర్లలో అంతగా కదలదు. పర్సంటైల్‌ను 1 నుంచి 9 దాకా తొమ్మిది మెట్లుగా కుదించే అంకె స్టానైన్. అందులో పర్సంటైల్ 40 నుంచి 59 దాకా 5, 60 నుంచి 76 దాకా 6. కాబట్టి 59 నుంచి 60కి వస్తే స్టానైన్ మారుతుంది, పిల్ల మారదు. చిన్న చిన్న స్కిల్ గడుల్ని కూడా ఇలాగే చూడాలి. నాలుగు ప్రశ్నల్లో ఒకటి పోతే 75 శాతం అని పడుతుంది. లోకల్ పర్సంటైల్ అని మరో గడి ఉంటే, అది మీ స్కూలు లేదా డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) పిల్లలతో పోలిక. నేషనల్ కంటే తక్కువుంటే, చుట్టూ ఉన్నవాళ్లు గట్టివాళ్లని అర్థం.

ప్రశ్న: మా వాడికి మ్యాప్ గ్రోత్ అనే కంప్యూటర్ పరీక్షలో మ్యాథ్‌కు ఫాల్‌లో (స్కూలు ఏడాది మొదట్లో) 211 వచ్చింది, వింటర్‌లో 208. ట్యూషన్ పెట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. రిట్ అని పిలిచే ఆ స్కోరులో ఏ ఒక్కసారైనా మూడు పాయింట్ల దాకా పొరపాటు మామూలే. ముందు టీచర్ని రెండు అడగండి: పరీక్ష ఎన్ని నిమిషాల్లో ముగించాడు, చదవకుండా గబగబా నొక్కిన ప్రశ్నలు ఎన్ని. అవి ఎక్కువుంటే ఆ స్కోరును నమ్మొద్దు. సరైన జవాబిస్తే కష్టమైన ప్రశ్న, తప్పితే తేలికైనది ఇచ్చే పరీక్ష ఇది. అందుకే బాగా చదివేవాళ్లకూ దాదాపు సగం తప్పుతాయి. ఫాల్‌ను వచ్చే ఫాల్‌తో పోల్చండి.

ప్రశ్న: మేం హిందువులం. స్కూల్లో మత విషయాల మీద కూడా పరీక్ష పెడతారట. అందులో తగ్గితే పర్సంటైల్ పడిపోతుందా?

జవాబు: పడదు. అది వేరే పరీక్ష. రీడింగ్, మ్యాథ్ లెక్కల్లో కలవదు. ముఖ్యంగా స్కూలు, డయోసిస్ తమ బోధన ఎలా సాగుతోందో చూసుకోవడానికి పెట్టేది. రిపోర్ట్ కార్డులో వచ్చే రిలిజియన్ గ్రేడు మాత్రం సాధారణంగా అందరికీ వర్తిస్తుంది, ఆ పుస్తకం చదివించండి.