వంకాయ రంగు తీగ

చిరంజీవి చిన్నాకు మామయ్య దీవించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నువ్వు కొవెంట్రీలో 1973 నాటి ఎంజీబీ జీటీ కారు కొన్నావని, దాని లోపలి దీపం సరిగా వెలగడం లేదని, ఈ శనివారం నువ్వే విప్పి బాగుచేసుకోబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నలభై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో కార్ల వైరింగు చేసినవాడికి, మేనల్లుడు తీగలో కరెంటు ఉందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు చేతపడుతున్నాడంటే సంతోషం కాదా? రాత్రి అన్నం కూడా ఇష్టంగా తిన్నాను. తీరా పడుకున్నాక ఆవిడ చివర్లో అన్న మాట గుర్తుకు వచ్చి నిద్ర పట్టలేదు. ఫ్యూజు రెండుసార్లు పోయిందట, ఎవరో స్నేహితుడు ‘గట్టి ఫ్యూజు’ తెచ్చి ఇస్తానన్నాడట. ఈ ఉత్తరం ఆ గట్టి ఫ్యూజు కోసమే.

నీ కారు నాకు కొత్తది కాదు. అది తయారైన ఇంగ్లండులోని అబింగ్డన్‌కు పది కిలోమీటర్ల దూరంలోనే ఆక్స్‌ఫర్డ్ ఉంది. అక్కడి కౌలీ ఫ్యాక్టరీలో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు మన దేశానికి వచ్చి అంబాసిడర్ అయింది. రెండూ ఒకే కంపెనీ బండ్లు, రెండింటి కరెంటు పనీ లూకాస్ కంపెనీదే, కాబట్టి నీ ఎంజీబీ నా అంబాసిడర్లకు దాయాది. లూకాస్ వారిని మీ ఊళ్ళో చీకటికి రాజని వెక్కిరిస్తారని విన్నాను. నేను ఒప్పుకోను. వారు తీగలకు పెట్టిన రంగుల పద్ధతి తెలిసినవాడు కళ్ళు మూసుకున్నా దారి తప్పడు. గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు లేకుండా వస్తుంది. అది ఫ్యూజు దాటగానే వంకాయ రంగులోకి మారుతుంది. తాళం చెవి తీసేసినా ఈ రెండింటిలోనూ కరెంటు ఉంటుంది. వంకాయ రంగు మీద తెల్ల చార ఉన్న తీగ దీపం నుంచి తలుపు స్విచ్చుకు పోతుంది. నలుపు ఎర్తు.

ఇక్కడొక సంగతి జాగ్రత్తగా చదువు. లోపలి దీపానికి కరెంటు ఎప్పుడూ అంది ఉంటుంది. తలుపు తీసినప్పుడు స్విచ్చు చేసే పనల్లా, దీపం నుంచి వచ్చిన తెల్ల చార తీగను బాడీకి ఎర్తు చేయడమే. అందుచేత ఆ తెల్ల చార తీగ ఎక్కడైనా ఒరుసుకుని రేకుకు తగిలితే దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది తప్ప ఫ్యూజు పోదు. ఉత్త వంకాయ రంగు తీగ తగిలితే మాత్రం మధ్యలో బల్బు అడ్డం ఉండదు కాబట్టి ఫ్యూజు పోతుంది. డ్రైవరు తలుపు తీస్తే దీపం వెలగదని, అవతలి తలుపు తీస్తే వెలుగుతుందని చెప్పావట. అది ఒక జబ్బు. ఫ్యూజు పోవడం వేరే జబ్బు. ఒక మందుతో రెండూ నయం కావు.

మొదటిది పిల్లల ఆట. అవతలి తలుపుకు వెలుగుతోందంటే బల్బు, కరెంటు రెండూ బాగున్నట్టే. డ్రైవరు వైపు తలుపు స్తంభం మీద ఉన్న స్విచ్చు స్క్రూ విప్పి బయటకు లాగి, తీగను ఊడదీసి శుభ్రమైన రేకుకు తాకించు. దీపం వెలిగితే తప్పు స్విచ్చుదే. ఆ స్విచ్చు ఎర్తు స్క్రూ ద్వారానే వస్తుంది కనుక తుప్పు, పెయింటు గీకి, కాస్త వ్యాజలీను రాసి బిగించు. ఆ తీగ కొసకు ముందుగా ఒక దారం ముడివేసి ఉంచు. లేకపోతే అది స్తంభంలోకి జారిపోతుంది. జారిన తీగను వంచిన సైకిలు చువ్వతో తీయబోయి ఒక పూటంతా పోగొట్టుకున్నవాణ్ణి చెబుతున్నాను.

రెండో జబ్బు గురించి చెప్పాలంటే 1979 సంగతి చెప్పాలి. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, మేస్త్రీ దగ్గర చేరి మూడో ఏడు. ఒక డాక్టరు గారి అంబాసిడర్ వచ్చింది. పైకప్పు దీపం వెలగదు, ఫ్యూజు వేసినప్పుడల్లా పోతుంది. మేస్త్రీ ఊళ్ళో లేరు. చేతులు మారిన బండి కావడంతో తీగల రంగులు కూడా కలగాపులగం. దీపం తలుపుతో వెలిగేది కాబట్టి రోగం తలుపులోనే ఉంటుందని తీర్మానించుకుని, నేను నాలుగు తలుపుల దగ్గరా సాయంత్రం దాకా వెతికాను. ఏమీ దొరకలేదు. డాక్టరు గారు తల్లిని వెంటబెట్టుకుని గుంటూరులో పెళ్ళికి పోవాలని తొందరపెడుతున్నారు. పనివాడినని చూపించుకోవాలన్న యావలో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చింపి, పోయిన గాజు ఫ్యూజుకు రెండు చుట్లు చుట్టి, క్లిప్పుల మధ్య నొక్కాను. దీపం వెలిగింది. ఆయన నాకు రెండు రూపాయలు కూడా ఇచ్చారు.

రాత్రి పదింటికి ఆ బండిని లారీ వెనుక కట్టి లాక్కొచ్చారు. మంగళగిరి దాటాక గోతిలో పడి కుదుపుకు పైకప్పులో పొగ మొదలైందట, లైనింగు కరిగి వెనుక సీట్లో ఉన్న పెద్దావిడ భుజం మీద పడిందట. చీర కొంగుకు అర్ధరూపాయి అంత కన్నం పడింది. దేవుడి దయవల్ల అంతకు మించి ఏమీ కాలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. “ఈ వాసన పోతుందా బాబూ?” అని మాత్రం అడిగింది.

మర్నాడు మేస్త్రీ వచ్చి, కొట్టకుండా, నా చేతనే పైకప్పు విప్పించారు. అంతకు ముందు ఎవరో లైనింగు బిగిస్తూ కొట్టిన స్క్రూ ఒకటి దీపానికి పోయే తీగ తొడుగును చీల్చి ఉంది. బండి ఊగినప్పుడల్లా తగులుతోంది. ఫ్యూజు ఆ మాటే చెబుతుంటే నేను దాని నోరు మూశాను. అరడజను తీగలు కరిగి ఒకే ముద్ద అయ్యాయి. ఆరు వాట్ల బల్బుకు అర ఆంపియరు చాలు, ఆ రాత్రి ఆ తీగలో ఎంత పారిందో దానికే తెలియాలి. కొత్త వైరింగు వేయడానికి మూడు రోజులు పట్టింది. వాసన పోలేదు.

కనుక నీ స్నేహితుడి ఫ్యూజు నాకు వద్దు, నీకూ వద్దు. నీ పాత ఫ్యూజు మీద 35 అని ఉంటుంది. అది బ్రిటిషు వారి పాత లెక్క: 35 ఆంపియర్ల దగ్గర తెగుతుంది, నిలకడగా మోసేది 17 మాత్రమే. ఆ అంకె చూసి నేటి లెక్కలో 35 ఆంపియర్లు మోసే ఫ్యూజు వేస్తే రెట్టింపు భారం తీగ మీద పడుతుంది. నా వెండి కాగితానికీ దానికీ పెద్ద తేడా లేదు.

దానికి బదులు ఇలా చెయ్యి. ఫ్యూజు తీసేసి, దాని రెండు క్లిప్పుల మధ్య బ్రేకు దీపానికి వాడే 21 వాట్ల బల్బును రెండు తీగలతో కలుపు. షార్టు ఉంటే ఆ బల్బు పూర్తిగా వెలుగుతుంది, కానీ రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు, కాబట్టి తీగ కాలదు. తలుపులు మూసి, హారను నొక్కకుండా, ఆ బల్బును చూస్తూ ఒక్కొక్క శాఖను ఊడదీయి. వంకాయ రంగు తీగ నీ బండిలో హారన్లకు, హెడ్‌లైట్లను మినుక్కుమనిపించే మీటకు, లోపలి దీపానికి పోతుంది. ముందు బండి ముక్కు దగ్గర వాన నీళ్ళలో తడిసే హారన్ల తీగలు తియ్యి. ఏది తీసినప్పుడు బల్బు ఆరిందో రోగం అక్కడే. ఏదీ తీయకుండా ఆరిపోయి ఉంటే, రబ్బరు బుషులు గట్టిపడి రేకు అంచులు తేలిన చోట్ల వైరు కట్టను మెల్లగా కదుపుతూ ఉండు, మినుకుమంటే అక్కడ ఆగు.

డ్యాష్‌బోర్డు వెనుక చేయి పెట్టే ముందు మాత్రం బ్యాటరీ ఎర్తు ఊడదీయి. నీ బండిలో సీట్ల వెనుక పలక కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. అక్కడ పానా జారితే మంట లేస్తుంది. చేతి ఉంగరం తీసి జేబులో వేసుకో, అత్తయ్య పెట్టిన ఉంగరమని వంక చెప్పకు. పక్కన మంటలార్పే సిలిండరు ఉంచుకో. లేదంటే శనివారం పని మానుకుని కొనుక్కురా. మూర్ఖంగా మాట్లాడుతున్నానని నవ్వుకుంటావు, నవ్వుకో, కానీ కొను.

పోయిన ఫ్యూజు రెండూ పారేయలేదు కదా? గాజు లోపల నల్లగా మసి కొట్టిందా, లేక తీగ మధ్యలో చిన్నగా తెగి గాజు శుభ్రంగా ఉందా అన్నది నేను చూడాలి. మసి కొట్టి ఉంటే గట్టి షార్టు, శుభ్రంగా ఉంటే భారం ఎక్కువై మెల్లగా తెగింది, వెతికే దారి మారుతుంది. వెలుగులో పట్టుకుని ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. నేను పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య