ప్యానెల్‌లో ఉండిపోయిన జీమెయిల్

ప్రశ్న: నేను ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. ఈమధ్యే పద్మనాభం మండలం నుంచి గాజువాకకి బదిలీ అయ్యాను. పాత స్కూల్లో ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతి గదిలో ఉండే పెద్ద టచ్ తెర) మీద వీడియోలు చూపించడానికి నా జీమెయిల్‌తో లాగిన్ అయ్యేదాన్ని. వచ్చేటప్పుడు లాగౌట్ చేయడం మర్చిపోయాను. ఏమైనా ప్రమాదమా? సైన్స్ పాఠాలకు మంచి ఉచిత యాప్‌లు కూడా చెప్పండి.

జవాబు: మేడమ్, యాప్‌ల సంగతి తర్వాత. ముందు మీ ఫోన్ తీయండి. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలోకి వెళ్తే 'యువర్ డివైసెస్' అని ఉంటుంది. ఆ జాబితాలో పాత స్కూల్ ప్యానెల్ కనిపిస్తుంది. దాన్ని నొక్కి సైన్ అవుట్ చేయండి. వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి మీరేనా అని అడిగే ఏర్పాటు) లేకపోతే అదీ ఇవాళే పెట్టుకోండి.

బదిలీలు జరిగిన ప్రతిసారీ నాకు ఇదే ప్రశ్న వస్తోంది. చాలామంది 'వీడియోలే కదా చూశాం' అనుకుంటారు. కానీ ప్యానెల్‌లో ఉండిపోయింది వీడియోలు కాదు, మీ మెయిల్. వేరే ఏ సైట్ పాస్‌వర్డ్ మార్చాలన్నా లింక్ వచ్చేది దానికే. బ్రౌజర్‌లో సింక్ ఆన్ అయి ఉంటే మీరు ఫోన్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా అక్కడికి చేరి ఉంటాయి. డ్రైవ్‌లో పిల్లల ఆధార్ నంబర్లు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్న ఎక్సెల్ షీట్ దాచుకోని టీచర్ని నేను ఇంతవరకూ చూడలేదు. అంటే ప్రమాదం మీ ఒక్కరికే కాదు.

ఒకసారి నగరంలోనే ఒక స్కూల్లో ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. మాస్టారు సర్క్యూట్ గీస్తుంటే తెర మూలన మెయిల్ నోటిఫికేషన్ వచ్చింది. ఆయన రక్తపరీక్ష రిపోర్టు అది. ముందు వరసలో ఒక పిల్లాడు పైకే చదివేశాడు. మాస్టారు డస్టర్ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

ఈ ప్యానెళ్లు తయారుచేసేవాళ్ల మీద నాకు కోపమే. ఒకరి జేబులో ఉండే ఫోన్‌కి రాసిన సాఫ్ట్‌వేర్‌నే తెచ్చి, రోజుకి ఏడెనిమిది మంది టీచర్లు వాడే తెరకి పెడితే ఎలా? పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అకౌంట్ దానంతటదే లాగౌట్ అయిపోవాలి. ఇదేమీ అసాధ్యమైన పని కాదు.

ఇక పాఠాలు. అసలు మీకు లాగిన్‌తో పనే లేదు. యూట్యూబ్ లాగిన్ లేకుండానే నడుస్తుంది. జియోజీబ్రాలో గ్రాఫులు గీయడానికీ అకౌంట్ అడగదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఫెట్ (PhET). తెర మీదే ప్రయోగాలు చేసి చూసే సిమ్యులేషన్లు ఉచితంగా దొరికే వెబ్‌సైట్ ఇది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. అందులో సర్క్యూట్ కిట్ తెరిచి, బ్యాటరీ రెండు చివర్లనూ వట్టి తీగతో కలపమని ఒక పిల్లని పిలవండి. బ్యాటరీకి మంటలొస్తాయి. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో ఇక మీరు బోర్డు మీద రాయక్కర్లేదు. ఫెట్ సిమ్యులేషన్లు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్ ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైల్‌గా డౌన్‌లోడ్ అవుతుంది. ఇంటి దగ్గర పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి బ్రౌజర్‌లో తెరిస్తే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఫోన్‌లో డేటా ఆపేసి ముందు రోజే ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మా స్కూల్లో ఉన్న పాత సైన్స్ సీడీ 'ఫ్లాష్ ప్లేయర్ కావాలి' అంటోంది. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో లింక్ పంపారు. వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఫ్లాష్ అంటే ఒకప్పుడు కంప్యూటర్లో యానిమేషన్లు నడిపిన సాఫ్ట్‌వేర్. 2020 డిసెంబర్ 31తో దానికి సపోర్ట్ ఆగిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో తిరిగే లింకుల్లో వైరస్‌లే ఎక్కువ. గ్రూప్‌లో మిగతా టీచర్లకి కూడా చెప్పి, ఆ మెసేజ్ పంపినవాళ్లతోనే డిలీట్ చేయించండి.