పాఠకుల ప్రశ్నలు – జవాబులు: నగర కౌన్సిల్ చేతిలో నిజంగా ఏముంది?

జాతీయ భద్రత కోసం కేంద్రం చేసే చట్టాల నడుమ ఊరి ప్రభుత్వం పౌరుల హక్కులను కాపాడగలదా? ఈసారి ఉత్తరాలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఎక్కువ భాగం అమెరికాలోని తెలుగువాళ్లు రాసినవి, ఒకటి విజయవాడ నుంచి వచ్చింది.

ప్రశ్న: 2001 తర్వాత పేట్రియాట్ చట్టానికి వ్యతిరేకంగా అమెరికాలో వందలాది ఊళ్లు తీర్మానాలు చేశాయని చదివాను. ఫెడరల్ చట్టం ముందు ఒక ఊరి తీర్మానం ఏపాటి?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

తీర్మానం ఫెడరల్ చట్టాన్ని ఆపలేదు. కోర్టు వారెంటుతో వచ్చిన ఎఫ్‌బీఐ అధికారికి ఏ మేయరూ అడ్డు నిలబడలేడు. ఇది ముందే ఒప్పుకుని మాట్లాడుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఫెడరల్ సంస్థల నిఘా అధికారాలను పెంచిన పేట్రియాట్ చట్టం మీద 2001 అక్టోబరు 26న సంతకమైంది. సెనేట్‌లో 98 మంది ఔనంటే ఒక్కరే కాదన్నారు. రెండు నెలలు దాటాక, 2002 జనవరిలో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్ నగర కౌన్సిల్ దాని మీద తీర్మానం చేసింది. మసాచుసెట్స్‌లో నార్తాంప్టన్ లాంటి చిన్న ఊళ్లు అదే దారి పట్టాయి. కొన్నేళ్లలో దాదాపు 400 నగరాలు, కౌంటీలు, వాటితో పాటు 8 రాష్ట్రాలు గొంతు కలిపాయి. రాష్ట్రాల్లో మొదటిది హవాయి, 2003లో.

వీటిలో అత్యధికం అభిప్రాయ ప్రకటనలే. పని చేసేవి ఏవో తెలియాలంటే ఊరి చేతిలో నిజంగా ఉన్నదేమిటో చూడాలి: తన ఉద్యోగులు, తన డబ్బు, తన రికార్డులు. ఈ మూడింటి మీదా దానికి అధికారం ఉంది. ఆ అధికారానికి అండ ప్రింజ్ కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. తుపాకులు కొనేవాళ్ల పూర్వాపరాలు స్థానిక షెరిఫ్‌లే పరిశీలించాలని ఒక ఫెడరల్ చట్టం ఆదేశించింది. స్థానిక ఉద్యోగులను ఫెడరల్ ప్రభుత్వం తన పనికి బలవంతంగా వాడుకోకూడదని కోర్టు చెప్పింది. అంటే ఫెడరల్ అధికారి తన పని తాను చేసుకోవచ్చు. ఆ పనిని మీ ఊరి పోలీసు చేత, మీ ఊరి ఖర్చుతో చేయించలేడు.

ఒక మాట దగ్గర మనవాళ్లు తరచూ పొరబడతారు. మన దేశంలో ఆర్డినెన్స్ అంటే సభ నడవనప్పుడు రాష్ట్రపతో గవర్నరో జారీ చేసేది. అమెరికా నగరాల్లో అదే మాటకు అర్థం కౌన్సిల్ ఓటు వేసి చేసిన స్థానిక చట్టం. తీర్మానాన్ని ఉల్లంఘిస్తే ఏమీ కాదు, ఆర్డినెన్స్‌ను ఉల్లంఘిస్తే శిక్ష ఉండొచ్చు. ఉత్తర కాలిఫోర్నియాలో అప్పటికి సుమారు 16,000 మంది ఉన్న ఆర్కేటా నగరం 2003లో తీర్మానంతో తృప్తిపడక ఆర్డినెన్సే చేసింది. రాజ్యాంగ హక్కులకు భంగం కలిగించే దర్యాప్తులకు నగరంలోని పై అధికారులు స్వచ్ఛందంగా సహకరిస్తే 57 డాలర్ల జరిమానా. మొత్తం చిన్నదే కానీ, అడిగిన వెంటనే ‘సరే’ అనకుండా విషయాన్ని కౌన్సిల్ ముందుకు తెచ్చే బాధ్యత ఉద్యోగి మీద పడింది. అసలు ఫలితం అదే.

మీ ఊళ్లో ముసాయిదా రాస్తుంటే ‘స్వచ్ఛందంగా’ అన్న మాట వదలకండి. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ సహకరించరాదు’ అని రాస్తే కోర్టు ఉత్తర్వులకు కూడా ఎదురు తిరిగినట్టవుతుంది, మొదటి సవాలుకే కూలిపోతుంది.

ప్రశ్న: మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో వారానికి రెండు రోజులు స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఒక అధికారి కౌంటర్ దగ్గరికి వచ్చి ఫలానా వ్యక్తి ఏ పుస్తకాలు తీసుకున్నాడని అడిగితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

మీరు జవాబు చెప్పకూడదు. గుర్తింపు కార్డు చూసి పేరు, శాఖ రాసుకోండి, లైబ్రరీ డైరెక్టరుకు ఫోన్ చేయండి. డైరెక్టరు నగర న్యాయవాదిని పిలుస్తారు. ‘ప్రాణాపాయం, నిమిషాల్లో తేలాలి’ అని అధికారి అన్నా దారి ఇదే, ఫోన్ మాత్రం ఆ క్షణమే చేయాలి. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ లైబ్రరీ రికార్డుల గోప్యతకు చట్టం ఉంది. కాబట్టి నోటిమాటగా అడిగినదానికి ‘నాకు అధికారం లేదు, డైరెక్టరు వస్తున్నారు’ అనడం మర్యాద తప్పడం కాదు.

అధికారి చేతిలో కాగితం ఉంటే అదేమిటో చూడాలి. సెర్చ్ వారెంటు మీద న్యాయమూర్తి సంతకం ఉంటుంది. దాన్ని అప్పటికప్పుడు అమలు చేయవచ్చు, మీరు అడ్డుపడకూడదు. న్యాయవాది వచ్చేదాకా ఆగమని కోరవచ్చు, ఆగకపోతే పక్కన నిలబడి ఏమేం తీసుకెళ్తున్నారో రాసుకోవాలి. సబ్‌పీనా వేరు, అది ఫలానా రికార్డులు సమర్పించమనే ఆదేశం. దానిలో గడువు ఉంటుంది, ఆలోగా నగర న్యాయవాది కోర్టులో సవాలు చేయవచ్చు. కంగారులో సబ్‌పీనాను వారెంటు అనుకుని అక్కడికక్కడే అన్నీ ఇచ్చేయడమే కౌంటర్ దగ్గర జరిగే పెద్ద పొరపాటు.

మూడోది జాతీయ భద్రతా లేఖ. రికార్డులు ఇవ్వమంటూ దీన్ని ఎఫ్‌బీఐయే జారీ చేస్తుంది, న్యాయమూర్తి సంతకం ఉండదు. వచ్చిందన్న సంగతి కూడా బయటికి చెప్పకూడదన్న ఆంక్ష సాధారణంగా దానితోపాటే వస్తుంది. 2005లో కనెక్టికట్‌లో కొన్ని లైబ్రరీల ఉమ్మడి సంస్థకు ఇలాంటి లేఖ వచ్చింది. నలుగురు లైబ్రేరియన్లు పేర్లు బయటపెట్టే వీలు లేక మారుపేరుతోనే కోర్టుకెక్కారు. 2006లో ఆ నోటి కట్టు వీడింది, కొద్ది వారాలకు ఎఫ్‌బీఐ ఆ లేఖనే వదులుకుంది. అదే ఏడాది జరిగిన సవరణలో లేఖ అందుకున్నవాళ్లు న్యాయవాదిని సంప్రదించవచ్చని స్పష్టంగా రాశారు. లైబ్రరీ రికార్డుల మీద అందరినీ భయపెట్టిన పేట్రియాట్ చట్టం 215వ సెక్షన్ 2020 మార్చిలో గడువు తీరి పోయింది. ఈ లేఖల అధికారం ఇంకా ఉంది.

నిజమైన రక్షణ ఇవన్నీ రాకముందే జరగాలి. లేని రికార్డును ఎవరూ తీసుకెళ్లలేరు. పుస్తకం తిరిగి ఇచ్చిన మరుక్షణం పాఠకుడికీ పుస్తకానికీ ఉన్న లంకె చెరిగిపోయేలా సాఫ్ట్‌వేర్‌లో అమర్చవచ్చు. జరిమానా బాకీ ఉంటే మాత్రం అది తీరేదాకా లంకె ఉండిపోతుంది. ఇంటర్నెట్ కంప్యూటర్ల కోసం పేర్లు రాసుకునే కాగితాన్ని ఏ రోజుకారోజు ముక్కలు చేయాలి. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ లైబ్రరీలు 2003లోనే, మీ రికార్డులు ఫెడరల్ అధికారుల చేతికి వెళ్లవచ్చు అని పాఠకులను హెచ్చరిస్తూ బోర్డులు పెట్టాయి.

జారిపోయేవి మరో చోట ఉంటాయి. ప్రధాన డేటాబేస్‌లో చెరిపేసిన చరిత్ర బ్యాకప్‌లో నెలల తరబడి మిగిలిపోతుంది. ప్రింటర్ లాగ్ ఎవరికీ గుర్తుండదు. రిజర్వు చేసిన పుస్తకాల అరలో పూర్తి పేరున్న చీటీలు అందరికీ కనబడుతూ ఉంటాయి. ఈ-పుస్తకాలు అందించే ప్రైవేటు సంస్థ దగ్గర చదివిన చరిత్రంతా వేరుగా పోగుపడి ఉంటుంది. ఆ ఒప్పందంలో ఏముందో డైరెక్టరును అడగండి.

మరొకటి, ఇది చాలా ముఖ్యం. చెరిపే గడువులు ముందుగానే రాతపూర్వక విధానంగా ఉండాలి, రాష్ట్ర రికార్డుల నిబంధనలకు లోబడి ఉండాలి. ఒకసారి సబ్‌పీనా వచ్చాక ఆ రికార్డుల జోలికి పోకూడదు. అప్పుడు చెరిపితే అది సాక్ష్యాన్ని నాశనం చేసిన నేరం.

ప్రశ్న: మా నగరం ఫెడరల్ గ్రాంటుతో నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు కొనబోతోంది. కౌన్సిల్ సమావేశంలో మాట్లాడదామనుకుంటున్నాం. ఏం అడగాలి?
– కొందరు పాఠకులు, శాన్ రామోన్, కాలిఫోర్నియా

ముందు అజెండా చూడండి. కాలిఫోర్నియాలో సాధారణ సమావేశానికి 72 గంటల ముందు దాన్ని ప్రకటించాలి. ఇలాంటి కొనుగోళ్లు ఎక్కువగా ‘కన్సెంట్ క్యాలెండర్’ అనే జాబితాలో ఉంటాయి. చర్చ లేకుండా ఒకే ఓటుతో పది పదిహేను అంశాలు గట్టెక్కే చోటు అది. ఆ అంశాన్ని జాబితా నుంచి వేరుచేసి చర్చకు పెట్టమని మీ కౌన్సిల్ సభ్యుణ్ణి ముందురోజే కోరండి. సభలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న పంచుకోండి.

మొదటి ప్రశ్న: డేటా ఎన్ని రోజులు ఉంటుంది? న్యూ హాంప్‌షైర్ చట్టం ప్రకారం, వెతుకుతున్న వాహనంతో సరిపోలని ప్లేటు వివరాలను 3 నిమిషాల్లో చెరిపేయాలి. నెల రోజులు లేకపోతే పని జరగదని మీ పోలీసు శాఖ అంటే, ఎందుకో లెక్కలతో చూపమనండి. రెండోది: ఎవరెవరు వెతకగలరు? కెమెరాల వ్యవస్థలో ఇతర ఊళ్లతో, ఇతర రాష్ట్రాలతో పంచుకునే అమరికలు ఉంటాయి. వాటిని ఎవరు, ఏ రోజు తెరిచారో కౌన్సిల్‌కు తెలియకుండానే నడిచిపోతుంటాయి. కాలిఫోర్నియాలో 2016 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఈ డేటాను రాష్ట్రం బయటి సంస్థలకు, ఫెడరల్ సంస్థలకు ఇవ్వకూడదు. రాష్ట్ర అటార్నీ జనరల్ 2023లో ఆ సంగతి మళ్లీ గుర్తుచేశారు. కాబట్టి పంచుకుంటున్న సంస్థల జాబితాలోని ప్రతి పేరూ చదివి వినిపించమనండి.

మూడోది తనిఖీ లాగ్. వెతికిన ప్రతిసారీ కారణం రాయాలన్న నిబంధన ఉన్నా, ఆ గడిలో ‘దర్యాప్తు’ అన్న ఒక్క మాట రాసి వదిలేస్తారు. కేసు నంబరు లేకుండా వెతకడం కుదరకూడదని పట్టుబట్టండి. ఒప్పందం కాపీ చేతికి రాకపోతే పబ్లిక్ రికార్డుల చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ఇవ్వగలరో లేదో 10 రోజుల్లో చెప్పాలి.

పక్కనే ఉన్న ఓక్లాండ్ అనుభవం మీకు బాగా పనికొస్తుంది. ఫెడరల్ హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ డబ్బుతో ఓడరేవు భద్రత కోసం మొదలైన నిఘా కేంద్రం మెల్లగా ఊరంతటికీ పాకబోయింది. జనం సమావేశాలకు కదిలి రావడంతో 2014 మార్చిలో కౌన్సిల్ దాన్ని ఓడరేవుకే పరిమితం చేసింది. అక్కడితో ఆగి ఉంటే మరో పరికరం మరో పేరుతో వచ్చేది. 2016లో 9 మందితో గోప్యతా సలహా సంఘం ఏర్పడింది, 2018లో ఆర్డినెన్స్ వచ్చింది. పోలీసు శాఖ ఏ నిఘా పరికరం కావాలన్నా ముందు దాని ప్రభావ నివేదిక, వాడుక నియమాలు రాయాలి. సలహా సంఘం పరిశీలించాక కౌన్సిల్ బహిరంగంగా ఓటు వేయాలి. ఆ తర్వాత ఏటా లెక్క చెప్పాలి. గ్రాంటు డబ్బు తీసుకోవడానికీ ఇదే దారి. డబ్బు చేతికొచ్చాక ఏ కౌన్సిలూ వెనక్కి ఇవ్వదు కనుక ఈ నియమం ప్రాణం లాంటిది.

నిఘా మీద ముందు ఓటు లేకపోతే ఏమవుతుందో శాన్ డియెగో చూపింది. 2016లో కరెంటు ఆదా చేసే వీధి దీపాలని కౌన్సిల్ ఆమోదించిన 3,000కు పైగా స్తంభాల్లో కెమెరాలు ఉన్నాయని ఊరివాళ్లకు తర్వాతెప్పుడో తెలిసింది. 2020లో మేయరు వాటిని ఆపించాల్సి వచ్చింది. సియాటిల్ పోలీసులు ఫెడరల్ గ్రాంటుతో కొన్న డ్రోన్లను 2013లో జనాగ్రహం చూసి మేయరు వద్దన్నారు. అవి చివరికి లాస్ ఏంజెలెస్ పోలీసుల దగ్గరికి చేరాయి.

గెలిచింది నిలుస్తుందన్న భరోసా కూడా లేదు. ముఖాలను గుర్తుపట్టే సాంకేతికతను నగర శాఖలు వాడకూడదని 2019 మేలో నిషేధించిన శాన్ ఫ్రాన్సిస్కోలోనే, 2024 మార్చిలో ఓటర్లు పోలీసు నిఘా నియమాలను సడలించారు.

ప్రశ్న: పోర్ట్‌లాండ్ నగరం ఎఫ్‌బీఐ టెర్రరిజం టాస్క్‌ఫోర్స్ నుంచి తప్పుకుందని విన్నాం. ఇది ప్రమాదం కాదా?
– ఒక పాఠకుడు, డాలస్, టెక్సస్

మీ ఆందోళన న్యాయమైనదే. ఆ టాస్క్‌ఫోర్స్‌కు వెళ్లిన నగర పోలీసుకు ఫెడరల్ అధికారి హోదా ఇస్తారు. తానేం చేస్తున్నాడో, రహస్య సమాచారం చూసే అనుమతి లేని సొంత మేయరుకు కూడా చెప్పడానికి వీల్లేదు. పోర్ట్‌లాండ్ ఉన్న ఒరెగాన్‌లో నేర అనుమానం లేకుండా ఎవరి రాజకీయ, మత అభిప్రాయాల సమాచారమూ పోలీసులు సేకరించకూడదని రాష్ట్ర చట్టం ఉంది. తన పోలీసులు దాన్ని పాటిస్తున్నారో లేదో చూడటానికి మేయరు టామ్ పాటర్ తన అధికారులకు ఉన్నంత రహస్య అనుమతి తనకూ కావాలన్నారు. ఆయన స్వయంగా ఆ నగర మాజీ పోలీస్ చీఫ్. ఎఫ్‌బీఐ కాదంది. 2005 ఏప్రిల్‌లో కౌన్సిల్ 4–1 ఓటుతో తప్పుకుంది. అంతకు ముందు ఏడాదే ఆ ప్రాంతపు న్యాయవాది బ్రాండన్ మేఫీల్డ్‌ను, మాడ్రిడ్ పేలుళ్ల కేసులో వేలిముద్రను తప్పుగా పోల్చి ఎఫ్‌బీఐ నిర్బంధించింది. తర్వాత క్షమాపణ చెప్పి 20 లక్షల డాలర్లు చెల్లించింది. భయం ఊహలోంచి పుట్టలేదు.

తప్పుకోవడమంటే మాట్లాడటం మానేయడం కాదు. కేసును బట్టి పోలీసులు సహకరించవచ్చు, ఆ సహకారం సొంత చీఫ్ కనుసన్నల్లో జరుగుతుంది. 2010లో పోర్ట్‌లాండ్‌లోనే బాంబు కుట్ర కేసు బయటపడ్డాక చర్చ తిరగబడింది. 2011లో నగరం షరతులతో మళ్లీ చేరింది, 2019లో 3–2 ఓటుతో మళ్లీ బయటికొచ్చింది. మా దృష్టిలో ఉండాలా వద్దా అన్నదానికన్నా పై అధికారికి తనిఖీ చేసే హక్కు ఉందా లేదా అన్నదే తేలాలి. ఆ హక్కు రాసివ్వని ఒప్పందం మీద ఏ నగరమూ సంతకం చేయకూడదు.

ప్రశ్న: మన మున్సిపల్ కార్పొరేషన్లు ఇలాంటివి చేయగలవా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

అదే రీతిలో చేయలేవు. మన రాజ్యాంగంలో పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలున్న 12వ షెడ్యూలులో అది లేదు. పోలీస్ కమిషనర్‌ను మేయరు ఆదేశించలేరు. పైగా ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలంటోంది. ఇక్కడ పోరాటం ఎక్కువగా హైకోర్టుల్లో జరుగుతుంది. తెలంగాణలో ముఖ గుర్తింపు సాంకేతికతను సవాలు చేసిన పిటిషన్ మీద 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

అయినా ఒక పిడి దొరుకుతుంది. విశాఖ, తిరుపతి, కాకినాడ, వరంగల్, కరీంనగర్ లాంటి స్మార్ట్ సిటీల్లో ఊరి కెమెరాలను పర్యవేక్షించే కమాండ్ కంట్రోల్ కేంద్రాలను నడిపే కంపెనీల్లో రాష్ట్రానికీ మున్సిపాలిటీకీ సమాన వాటా ఉంటుంది. అవి సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయి. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

అడిగే తీరులోనే ఫలితం ఉంది. ‘కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి’ అంటే భద్రత పేరుతో 8వ సెక్షన్ చూపి తిప్పి పంపుతారు. ఎన్ని కెమెరాలు, ఎంత ఖర్చు, దృశ్యాలు ఎన్ని రోజులు ఉంచుతారు, నిర్వహణ కంపెనీతో ఒప్పందం నకలు, గత ఏడాది ఏయే శాఖలు ఎన్నిసార్లు దృశ్యాలు తీసుకున్నాయి అని విడివిడిగా అంకెలు వేసి అడగండి. ఒక అంశానికి మినహాయింపు ఉన్నా మిగతావి ఇవ్వాల్సిందేనని 10వ సెక్షన్ చెబుతోంది. ఆ వాక్యాన్ని దరఖాస్తు చివర మీరే రాసి పెట్టండి.