రెండు పాత కార్డులా, ఒక కొత్త కార్డా?

ప్రశ్న: మాది బొబ్బిలి అండీ. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, రాత్రిళ్లు మా తమ్ముడు అదే సిస్టమ్‌లో గేములు ఆడతాడు. 2016లో కట్టించిన పీసీ, ఆరో తరం ఐ7, రెండు జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డులు ఎస్‌ఎల్‌ఐ (రెండు కార్డుల్ని జోడించి ఒకే గేముకి పనిచేయించే ఎన్విడియా పద్ధతి) బ్రిడ్జితో కలిపి ఉన్నాయి. ఈమధ్య కొత్త కెమెరా కొన్నాక 4కే ఫుటేజ్ నేను ఎడిట్ చేసే ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద ఆగి ఆగి నడుస్తోంది. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చోలేం, కరెంటు బిల్లు చూసి అమ్మ "ఏటిరా ఇది" అంటోంది. కానీ రెండు కార్డులూ కలిపి 8 జీబీ ఉంది కదా, కొత్త కార్డు ఆర్‌టీఎక్స్ 5060 కూడా 8 జీబీయే, మరి డబ్బు పెట్టి మార్చితే ఒరిగేదేంటి? మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మార్చేయండి తమ్ముడూ. ముందు ఆ 8 జీబీ లెక్క సరిచేసుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని ఆపుతున్నది అదే. రెండు కార్డుల మెమరీ కలవదు. ఎస్‌ఎల్‌ఐలో ఒక కార్డులో ఉన్నదే రెండో దాంట్లోనూ ఉండాలి. ఒకే పెళ్లి ఆల్బమ్‌ని మగపెళ్లివారికొకటి, ఆడపెళ్లివారికొకటి ప్రింట్ వేసి ఇస్తారు కదా, అంతమాత్రాన ఫొటోలు రెట్టింపు కావు. కాబట్టి మీ దగ్గర ఉన్నది 4 జీబీయే, 970లో అయితే అందులోనూ చివరి అర జీబీ బాగా నెమ్మది.

ఇక మీ ఎడిటింగ్ సంగతి. ప్రీమియర్‌కి ఎస్‌ఎల్‌ఐతో పనే లేదు, ఆ బ్రిడ్జి ఉన్నా ఊడదీసినా దానికి ఒకటే. విజయనగరంలో కోట దగ్గర మా మిత్రుడి స్టూడియోలో అచ్చం మీలాంటి జతే ఉండేది. ఒక ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఫుటేజ్ మీద కూర్చున్నప్పుడు రెండో కార్డు ఫ్యాన్ ఆగిపోతే, దాన్ని తీసి బల్ల మీద పెట్టి మిగతా పనంతా ఒక్క కార్డుతోనే కానిచ్చాం, ఎక్స్‌పోర్ట్‌కి పట్టిన టైములో మాకు తేడా తెలియలేదు. అప్పటినుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: డబ్బు తీసేముందు మీరే ఒక కార్డు ఊడదీసి వారం పాటు మీ పని చేసుకోండి. మీ ప్రాజెక్టు మీద మీ కళ్లతో చూసిన దానికంటే ఎవరి మాటా గొప్పది కాదు, నాదైనా సరే.

అయితే 4కే ఎందుకు ఆగుతోంది? నా అనుమానం మీ కొత్త కెమెరా రికార్డ్ చేసే తీరు మీద. మెనూలో చూడండి, హెచ్‌ఈవీసీ 10 బిట్ 4:2:2 (వీడియోని బాగా కుదించి, రంగుల వివరం ఎక్కువగా ఉంచే రికార్డింగ్ పద్ధతి) అని ఉంటే, దాన్ని విప్పి చూపించే పని 970లు చేయలేవు, అసలు 970లో హెచ్‌ఈవీసీకి పూర్తి హార్డ్‌వేర్ డీకోడరే లేదు, భారమంతా మీ ఐ7 మీద పడుతోంది. 30, 40 సిరీస్ కార్డులు కూడా 4:2:2ని విప్పలేవు. అందుకే ఎవరైనా తక్కువలో 3060 ఇస్తానన్నా మీరు తొందరపడకండి. ఆ సామర్థ్యం ఎన్విడియా కార్డుల్లో 50 సిరీస్‌తోనే వచ్చింది, 5060 అందులోదే. కార్డు కొనేదాకా ప్రాక్సీలు (అదే ఫుటేజ్‌కి తేలికపాటి కాపీలు) తయారు చేసుకుని ఎడిట్ చేయండి, దానికి పైసా ఖర్చు లేదు.

తమ్ముడి గేముల విషయంలో ఎస్‌ఎల్‌ఐ కథ ఎప్పుడో ముగిసింది. ఒక ఫ్రేమ్ ఈ కార్డు, తర్వాతి ఫ్రేమ్ ఆ కార్డు గీయడం దాని పద్ధతి. ఇప్పటి గేములు ప్రతి ఫ్రేమ్‌కీ వెనకటి ఫ్రేమ్ సమాచారం వాడుకుంటాయి, అంటే ఒక కార్డు కోసం ఇంకోటి ఎదురుచూడాలి, దాంతో కుదుపులు. 2021 నుంచి ఎన్విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఒక్కో గేముకి కావలసిన సెట్టింగులు) ఇవ్వడం ఆపేసింది. 970లకు గేమ్ డ్రైవర్లు కూడా 2025 అక్టోబరుతో ఆఖరు, ఇకపై 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే.

అమ్మగారి మాటకొస్తే, ఒక్కో 970కి 145 వాట్లు, రెండింటికి 290. ఆర్‌టీఎక్స్ 5060 ఒక్కటే 145. పూర్తి లోడు మీద రోజుకి 6 గంటలు నడిస్తే నెలకి సుమారు 26 యూనిట్లు తగ్గుతాయి, ఆ మేరకు గదిలో వేడి కూడా తగ్గుతుంది. యూపీఎస్ మీదా అంత భారం ఉండదు.

డబ్బు కుదిరితే 5060 టీఐ 16 జీబీ తీసుకోండి, 4కేలో రంగులు దిద్దేటప్పుడు ఆ మెమరీ పనికొస్తుంది. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది కాబట్టి పెట్టె మీద అంకె చదివాకే డబ్బివ్వండి. బయోస్ (పీసీ ఆన్ కాగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) యూఈఎఫ్‌ఐ అనే మోడ్‌లో ఉండాలి. వీలైతే సీపీయూ డబ్బాని షాపుకే తీసుకెళ్లి, డిస్‌ప్లే వచ్చాకే బయల్దేరండి. పవర్ సప్లై 2016 నాటిదే అయితే దాన్నీ పరీక్ష చేయించండి. 970లలో ఒకటి అమ్మేయండి, రెండోది సీజన్ అయ్యేవరకు బీరువాలో ఉంచండి. ముహూర్తాల మధ్యలో కొత్తది మొరాయిస్తే ఆ పూట గడుస్తుంది.

ప్రశ్న: నాది రాజాం, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నా దగ్గర జీటీఎక్స్ 1060 ఉంది. సీనియర్ తన 1060 తక్కువకి ఇస్తానంటున్నాడు, రెండూ కలిపితే గేములు రెట్టింపు వేగంగా ఆడతాయా?

జవాబు: ఆడవు నాన్నా. 1060కి అసలు ఎస్‌ఎల్‌ఐ కనెక్టరే లేదు, కలపడానికి దారి లేదు. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో సైకిల్స్ రెండరింగ్ చేస్తుంటే మాత్రం బ్రిడ్జి లేకుండానే రెండు కార్డులూ పనిచేస్తాయి, టైము బాగా తగ్గుతుంది, అప్పుడు కూడా సీన్ మొత్తం ఒక్కో కార్డు మెమరీలోనూ పట్టాలి. గేముల కోసమే అయితే మీ సీనియర్‌కి వద్దని చెప్పి, ఆ డబ్బు దాచుకోండి.