డ్రమ్ములో తెల్ల మడ్డి కల్తీ వల్ల కాదు, మీరు కలిపినందుకే

ప్రశ్న: ఎకరంన్నర టమాటాకు డ్రిప్ పెట్టాం. 200 లీటర్ల డ్రమ్ములో 5 కిలోల కాల్షియం నైట్రేట్, 5 కిలోల మెగ్నీషియం సల్ఫేట్, 3 కిలోల 12:61:0 (మోనో అమ్మోనియం ఫాస్పేట్) కలిపితే తెల్లటి మడ్డి దిగింది. డ్రిప్పర్లు మూసుకుపోయి చివరి సాళ్లు వాడుతున్నాయి, కాయల అడుగు నల్లబడుతోంది. ఎరువు కల్తీదా? డీలరు మాత్రం కాల్షియం ఇంకా పెంచమంటున్నాడు.
– మదనపల్లె ప్రాంత రైతు

జవాబు: కల్తీ కాదండీ, మూడూ అసలైనవి కాబట్టే అంత మడ్డి దిగింది. బస్తాలో ఉన్నంతసేపే అది కాల్షియం నైట్రేట్. నీళ్లలో పడగానే కాల్షియం, నైట్రేట్ అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా, విడిపోతాయి. కాల్షియానికి రెండు ధనావేశాలు, నైట్రేట్‌కు ఒక్కటే రుణావేశం, అందుకే బస్తాలో ఒక కాల్షియానికి రెండు నైట్రేట్లు ఉండి లెక్క సున్నా అయింది. మెగ్నీషియం సల్ఫేట్ నుంచి వచ్చిన సల్ఫేట్‌కు రెండు రుణావేశాలు. కాల్షియానికి అది ఎదురైతే రెండుకు రెండు చెల్లు, ఆ జత కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం. అది లీటరుకు రెండున్నర గ్రాములకు మించి కరగదు. మీ 5 కిలోలకు 5 కిలోలు లెక్క వేస్తే మూడున్నర కిలోల జిప్సం దాకా తయారవుతుంది, 200 లీటర్లలో కరిగేది అర కిలోనే. మిగతాది మడ్డిగా దిగి మీ పైపుల్లోకి పోయింది. 12:61:0లోని ఫాస్పేట్ కూడా కాల్షియంతో ఇలాగే గడ్డకడుతుంది.

కాయ అడుగు నల్లబడటం కాల్షియం అందకే, నిజమే. కానీ నీళ్లే సరిగా పారనప్పుడు కాల్షియం కాయ దాకా ఎలా పోతుంది? పెంచమన్నాయన మీ లైన్లు ఒక్కసారైనా చూశాడా? డబ్బాలు అమ్ముకునేవాళ్లను డోసు అడిగితే ఎప్పుడూ ఎక్కువే చెబుతారు.

ముందు ఫిల్టరు కడిగి, లేటరల్స్ (సాళ్ల వెంట వేసిన డ్రిప్ పైపులు) చివరి మూతలు తీసి నీళ్లు వదలండి. ఒక డ్రిప్పర్ కోసి ఆ తెల్ల పొర మీద రెండు చుక్కలు హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేయండి. బుసబుస పొంగితే అది మీ బోరు నీళ్ల సున్నం, పొంగకుండా కరిగితే ఫాస్పేట్, కదలకపోతే జిప్సం. మొదటి రెండింటికీ యాసిడ్ పనిచేస్తుంది. 10 లీటర్ల బోరు నీళ్లలో కొద్దికొద్దిగా యాసిడ్ పోస్తూ పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వం కొలత) 4కు రావడానికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూసి, అదే లెక్కన లైనులోకి ఎక్కించి, 12 నుంచి 24 గంటలు ఆపి కడగండి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి, బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. జిప్సం అయితే యాసిడ్ దండగ, మంచినీళ్లతో ఎక్కువసేపు కడగడమే, లేదా ఆ లైన్లు మార్చడమే.

ఇకనుంచి కాల్షియం నైట్రేట్ ఎకరానికి 3 కిలోలు విడిగా ఇవ్వండి. తోడు కావాలంటే 13:0:45 (పొటాషియం నైట్రేట్) కలపొచ్చు, దాంట్లో సల్ఫేటూ లేదు ఫాస్పేటూ లేదు. 0:0:50 వద్దు, అది పొటాషియం సల్ఫేట్. మెగ్నీషియం, 12:61:0 మూడు రోజుల తర్వాత ఇవ్వండి, అవి కూడా వేర్వేరుగా. ఏ ఎరువు ఇచ్చినా చివర 15 నిమిషాలు ఉత్త నీళ్లు పారాలి. కొత్త కలగలుపు ఏదైనా ముందు లీటరు సీసాలో అదే మోతాదున కలిపి రాత్రంతా ఉంచి చూడండి.

ఇంతకీ బోరు నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా? బస్తాల మీద వేలు ఖర్చుపెడతారు, సీసా నీళ్లు పట్టుకుని ల్యాబుకు మాత్రం పోరు. నీళ్లలోనే కాల్షియం ఎక్కువుంటే అసలు మీరు వేసే కాల్షియం సగం అవసరమే ఉండకపోవచ్చు. ఆ రిపోర్టు తెచ్చుకున్నాకే నన్ను డోసు అడగండి.