సినిమా చూడకుండానే థియేటర్ ముందు ధర్నా చేయొచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర పల్లె. నాన్నగారు చర్చిలో సంఘ పెద్ద. యేసు ప్రభువును తక్కువ చేసి చూపించారంటున్న ఒక సినిమా మా టౌన్‌లో రిలీజ్ కాబోతోంది. ఆ రోజు సంఘమంతా థియేటర్ ముందు కూర్చోవాలని అనుకున్నారు. సెన్సార్ అయిన సినిమాను ఆపమని అడిగే హక్కు వీళ్లకు ఉందా? నాన్నగారి మీద కేసు పెడతారేమోనని ఇంట్లో టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ నాన్నగారిది ఉత్తి పట్టుదల అనుకోకండి. 2006లో 'ద డావిన్సీ కోడ్' వచ్చినప్పుడు ఒక పెద్దాయన నా ఆఫీసుకు వచ్చారు. చంకలో జిప్పు కవరు బైబిలు, చేతిలో సంఘస్తుల సంతకాల కాగితం. "సినిమా చూశారా అండీ?" అని అడిగాను. "మా అమ్మను ఎవరో అనరాని మాట అంటున్నారంటే, టికెట్ కొనుక్కుని వెళ్లి వినాలా బాబూ?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

యేసు మగ్దలేనే మరియను పెళ్లాడాడని, వాళ్ల వంశం ఇంకా ఉందని ఆ కథ. మనకది కల్పన. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకరించే ఆ పెద్దాయనకు మాత్రం, తాను పిలిచే ప్రభువు దేవుడే కాదని నలుగురిలో చెప్పినట్టు. ఆ కోత ఎంత లోతో బయట నిలబడి కొలవలేం.

అప్పుడు మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జూన్ మొదట్లో ఆ సినిమాను నిషేధించింది. అదే నెలలో హైకోర్టులో జస్టిస్ జి. రఘురాం ఆ ఉత్తర్వును కొట్టేశారు. సెన్సార్ బోర్డు 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చిన సినిమాను, ప్రభుత్వం తరఫున ఎవరూ చూడకుండా, వచ్చిన అర్జీలను బట్టి ఆపేశారన్నది ముఖ్యమైన లోపం. నాకు ఆ తీర్పు సబబుగానే తోచింది. భక్తుడు చూడకుండా బాధపడొచ్చు, అది ఆయన మనసు. ప్రభుత్వం మాత్రం చూడకుండా ఆపకూడదు. గొడవలవుతాయన్న సాకూ చెల్లదు. నిరసనలకు భయపడి సినిమాను ఆపడం కాదు, శాంతిభద్రతలు కాపాడటమే ప్రభుత్వం పని అని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో చెప్పింది.

కాబట్టి ఆపమని అడిగే హక్కు నాన్నగారికి ఉంది. తానే ఆపే హక్కు లేదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిందే. పోలీసు ఆంక్షలు ఉంటే మాత్రం వాటికి లోబడాలి. ప్లకార్డు పట్టుకుని పక్కన నిలబడినంత మాత్రాన నేరం కాదు. గేటుకు అడ్డం పడినా, పోస్టరు చింపినా, టికెట్ కొన్నవాళ్లను నెట్టినా కేసవుతుంది. ఆస్తి నష్టం జరిగితే పిలుపునిచ్చినవాళ్ల మెడకు కూడా చుట్టుకుంటుంది. కుర్రాళ్లు ఆవేశపడతారు, పేరు పెద్దలది పడుతుంది. ఇదొక్కటే నాకు భయం.

సినిమా తీసినవాళ్ల మీద ఫిర్యాదు చేయాలంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 299 ఉంది, పాత ఐపీసీలోని 295ఎ అదే. మూడేళ్ల వరకు జైలు. కానీ మనసు నొచ్చితే చాలదు. కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానించారని తేలాలి. కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కూడా ఉండాలి. అంతకంటే, రిలీజుకు ముందే సర్టిఫికెట్‌ను సవాలు చేస్తూ హైకోర్టులో రిట్ వేయడం నయం. అయితే అక్కడ ఏ సీను, ఏ డైలాగు అని జడ్జిగారు అడుగుతారు. సంఘంలో ఒక్కరైనా ట్రైలరన్నా చూసి రాసుకోక తప్పదు. నా ఆఫీసుకు వచ్చిన పెద్దాయన దగ్గర అలా రాసుకున్న కాగితమే లేకపోయింది.

ఈలోగా స్టేషన్‌లో అర్జీ ఇప్పించండి. ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎంతమంది వస్తారో అందులో రాయాలి. ఊరేగింపులకు, సభలకు ముందే అనుమతి తీసుకోవాలనే పోలీసు చట్టం సెక్షన్ 30 గానీ, గుమిగూడటాన్ని నిషేధించే 163 (పాత 144 సెక్షన్) గానీ అమల్లో ఉందేమో అక్కడే అడగండి. ఉంటే అనుమతి లేకుండా బయలుదేరవద్దు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకుని నాన్నగారి జేబులో పెట్టండి.