డిలీట్ చేస్తే 204, మళ్లీ చేస్తే 404: తప్పెక్కడ?

ప్రశ్న: వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటూ ఒక నోట్స్ యాప్ రాస్తున్నాను. నోట్స్/42 అనే అడ్రస్‌కు డిలీట్ రిక్వెస్ట్ పంపితే సర్వర్ నుంచి 204 (పని అయిపోయింది అనే కోడ్) వచ్చింది. అదే రిక్వెస్ట్ మళ్లీ పంపితే 404 (అడిగింది దొరకలేదు అనే కోడ్) వస్తోంది. డిలీట్‌ను ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటేనని చదివాను. నా కోడ్‌లో తప్పుందా?

జవాబు: తప్పేం లేదు, టెన్షన్ పడకండి. మీరు చదివిందీ నిజమే. దీన్నే ఐడెంపోటెంట్ అంటారు. అయితే ఆ నియమం సర్వర్‌లో మిగిలే పరిస్థితి గురించి చెబుతుంది, తిరిగొచ్చే కోడ్ గురించి కాదు. ఒకసారి పంపినా పదిసార్లు పంపినా చివరికి 42వ నోట్ ఉండదు. అంతవరకే హామీ.

ఈ హామీ విలువ నెట్ సరిగా లేనప్పుడు తెలుస్తుంది. రిక్వెస్ట్ వెళ్లింది, జవాబు రాకుండానే కనెక్షన్ తెగిపోయింది అనుకోండి. నోట్ పోయిందో లేదో యాప్‌కు తెలియదు. డిలీట్ కాబట్టి నిశ్చింతగా మళ్లీ పంపొచ్చు. కొత్త సమాచారం చేర్చడానికి వాడే పోస్ట్ రిక్వెస్ట్‌తో అలా కుదరదు, ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం ఉంది.

కానీ ఈ హామీ దానంతటదే రాదు, అడ్రస్ రాసే తీరును బట్టి వస్తుంది. నోట్స్/చివరిది అనే అడ్రస్ పెట్టి దానికి డిలీట్ పంపారనుకోండి. రెండోసారి పంపినప్పుడు ఇంకో నోట్ ఎగిరిపోతుంది! అందుకే అడ్రస్‌లో ఎప్పుడూ ఫలానా నోట్ అని ఖాయంగా తెలిసే ఐడీయే ఉండాలి.

ఇక కోడ్‌ల సంగతి. పని అయిపోయి, పంపడానికి ఇంకేమీ లేకపోతే 204. ఏదైనా సమాచారం పంపుతుంటే 200. తొలగింపు తర్వాత జరగబోతుంటే 202. రెండోసారి కూడా 204 పంపేవాళ్లున్నారు. నా ఓటు మాత్రం 404కే, ఎందుకంటే ఐడీ తప్పుగా టైప్ చేసినప్పుడు ఆ పొరపాటు వెంటనే బయటపడుతుంది.

ప్రశ్న: ఇంత తతంగం ఎందుకు? డిలీట్ అని ఒక లింక్ పెట్టేస్తే పోదా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. లింక్ నొక్కితే వెళ్లేది గెట్ రిక్వెస్ట్. గెట్ అంటే చూడటానికే, దేన్నీ మార్చదు అన్న నమ్మకం మీదే వెబ్ అంతా నడుస్తోంది. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే టూల్ వచ్చింది. పేజీలు త్వరగా తెరుచుకోవాలని, అందులోని లింకులను ముందుగానే తెచ్చిపెట్టుకునేది. డిలీట్‌ను మామూలు లింకుగా పెట్టిన యాప్‌లలో, యూజర్లు ఏమీ నొక్కకుండానే వాళ్ల డేటా పోయింది. లాగిన్ కూడా అడ్డుపడలేదు, ఆ టూల్ పనిచేసింది లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌లోనే కదా.

హెచ్‌టీఎంఎల్ ఫారంలో మెథడ్‌గా, అంటే రిక్వెస్ట్ రకంగా, డిలీట్ అని రాసినా లాభం లేదు. బ్రౌజర్ దాన్ని గుర్తించక గెట్‌గానే పంపుతుంది. జావాస్క్రిప్ట్‌లో రిక్వెస్ట్ పంపే ఫెచ్ ఫంక్షన్ వాడండి. లేదా ఫారంను పోస్ట్‌తో పంపి, అసలు మెథడ్‌ను దాచిన ఫీల్డ్‌లో చెప్పండి. లారవెల్, రైల్స్ లాంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు దాన్ని అర్థం చేసుకుంటాయి.

ప్రశ్న: 204 వస్తే డేటా పూర్తిగా చెరిగిపోయినట్టేనా?

జవాబు: కాదు. వెబ్ రిక్వెస్ట్‌ల నియమాలు చెప్పే, 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 అనే పత్రం ప్రకారం డిలీట్ కోరేది ఆ అడ్రస్‌కూ దాని వెనకున్న వనరుకూ మధ్య సంబంధాన్ని తెంచమని మాత్రమే. వెనకున్న సమాచారాన్ని చెరిపేయాలా, పక్కన పెట్టాలా అన్నది సర్వర్ ఇష్టం. చాలా యాప్‌లు డేటాబేస్ టేబుల్‌లోని వరుసను తీసేయకుండా, తొలగించిన తేదీ రాసుకుని దాచిపెడతాయి. పొరపాటున తొలగించినవాళ్లకు ఇదే దిక్కు. కానీ తన వ్యక్తిగత సమాచారం చెరిపేయమని యూజర్ అడిగినప్పుడు ఈ దాచిపెట్టడం సరిపోదు. టేబుల్‌లోని వరుసతో పాటు అతను అప్‌లోడ్ చేసిన ఫైళ్లు, వాటి కాపీలు, బ్యాకప్‌లు కూడా వెతికి తీసేసే కోడ్ మీరు విడిగా రాసుకోవాలి.